తామరాకు మీద రంగు నిలుస్తుందా?

అమెరికాలోని చాండ్లర్‌లో ఓ తెలుగు కుటుంబానికి గరాజ్ సేల్‌లో ఓక్ చెక్క డైనింగ్ టేబుల్ చవగ్గా దొరికిందనుకుందాం. చెక్క గట్టిదే, తేనెరంగు మెరుపే పాతబడింది. శనివారం గరాజ్‌లో పెట్టి తెల్లరంగు వేశారు. గంటలో ఆరింది. నెల తిరగకుండానే గిన్నె జరిపిన చోటల్లా రంగు ఉల్లిపొరలా ఊడివచ్చింది. తప్పు రంగుది కాదు, దాని కింద ఉన్నదానిది.

ఆ మెరుపు చాలావరకు పాలీయురేథేన్ పూత. అందులో అణువులు అల్లికలా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. కొత్త రంగులోని ద్రవం దాన్ని కరిగించలేదు, నున్నటి పైభాగంలో పట్టుకోవడానికి సందూ దొరకదు. ఏళ్ల తరబడి తుడిచిన మైనం, నూనె పాలిష్‌లు తోడైతే తామరాకు మీద నీటిబొట్టే.

పాత పూత ఏదో తెలుసుకోవడానికి ముందుగా టేబుల్ అడుగున కనబడనిచోట స్పిరిట్ అద్దిన గుడ్డతో రుద్దండి. జిగురుగా మారితే అది షెల్లాక్, అంటే లక్క. చలించకపోతే లాకర్ థిన్నర్ అద్దండి. మెత్తబడితే లాకర్, దానికీ లొంగకపోతే పాలీయురేథేన్ కావచ్చు.

పాత పూత గట్టిగా ఉంటే పూర్తిగా గీకక్కర్లేదు. జిడ్డు కడిగి ఆరాక 180 లేదా 220 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. కంటికి కనిపించని ఆ గీతల్లోనే కొత్త పూత వేళ్లూనుతుంది. దుమ్ము తుడిచి ప్రైమర్ వేయాలి. ఓక్‌లోని టానిన్లు తెల్లరంగులోకి పసుపు మరకలై ఊరతాయి. వాటిని అడ్డుకోవడంలో షెల్లాక్ ప్రైమర్‌ది పేరున్న చెయ్యి. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కపురుగు స్రావమే దీనికీ మూలం.

ఊరి వాతావరణమూ లెక్కలోకి వస్తుంది. 2023లో పక్కనున్న ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. అలాంటి వేడిలో నీటి ఆధారిత రంగు పైపైన ఆరిపోతుంది. లోపలి రేణువులు కలిసి ఒక్క పొరగా కూడుకునే వ్యవధి ఉండదు. అందుకే వేసవి గరాజ్ వద్దు, చలికాలం మేలు. ఆరడం వేరు, గట్టిపడటం వేరు. పూత పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా బరువులు పెట్టకండి.

మరో హెచ్చరిక: అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు రంగు వేసిన సామాను అయితే పరీక్షించకుండా గీకకండి.

చాండ్లర్‌లోని చిప్‌ల కర్మాగారాల్లో పనిచేసే మనవాళ్లకు ఈ పాఠం కొత్తేం కాదు. సిలికాన్ పలక మీద కాంతికి స్పందించే పూత పోసే ముందు, అది నిలవడానికి హెచ్‌ఎండీఎస్ అనే రసాయనపు ఆవిరితో పైభాగాన్ని సిద్ధం చేస్తారు. చిప్‌కైనా టేబుల్‌కైనా రంగు వేయడం చివరి గంట పనే, మిగతా సమయమంతా దాని కింది పొరదే.