బడి విడిచిన పంతులు

బడి విడిచిన పంతులకు వేఱొక వృత్తి యేల కష్టమగునో నేననుభవించి యెఱుఁగుదును. ఉద్యోగవిరమణానంతర మొక ధాన్యపు వర్తకునికడఁ బద్దులు వ్రాయఁ గుదిరితిని. దస్తూరికి లోటులేదు, లెక్కయుఁ దప్పలేదు. కాని రైతు తెచ్చిన చీటీలోని వర్ణదోషమును దిద్ది, యతనిచేఁ జదివించుచుండఁగా వాకిట బండ్లు నిలిచిపోయెడివి. మూఁడవ మాసమున వర్తకుఁడు నన్ను సాగనంపెను, సగౌరవముగనే సుమా! పంతులకుఁ జెప్పుట యలవాటు, అడుగుట నామోషి. గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో బోధకులుగా నున్నపుడే సవరలకు శిష్యులై వారి భాష నేర్చిరి. 1911లోఁ గొలువు విడిచిన పిదపయు నా కృషిని సాగించిరి. అయినను సవరభాషా వ్యాకరణము 1931లోఁ గాని వెలువడలేదు. నేనిపుడు వేఱొక కొట్టులోఁ గాటా వేయుట హమాలీ కుఱ్ఱనియొద్ద నేర్చుకొనుచున్నాను.