వైకోం రేవులో ఎండతో నడిచే పడవ

శబరిమల వెళ్లే మన అయ్యప్ప భక్తుల్లో చాలామంది దారిలో వైకోం మహాదేవుణ్ని దర్శించుకుంటారు. ఆ గుడి నుంచి పడమరగా నడిస్తే వెంబనాడ్ సరస్సు ఒడ్డున పడవల రేవు కనిపిస్తుంది. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో అన్ని కులాలవారికీ నడిచే హక్కు కోసం సత్యాగ్రహం జరుగుతున్న కాలంలో, 1925 మార్చిలో, గాంధీజీ వైకోంకు పడవలోనే వచ్చారు. సరస్సుకు ఇవతల కొట్టాయం జిల్లా, అవతల అలప్పుళ జిల్లా. రెండున్నర కిలోమీటర్ల నీటిని దాటితే తవణక్కడవు. పడవ ఇంజిన్ల చరిత్రలో ఒక కొత్త అధ్యాయం ఈ చిన్న దారిలోనే మొదలైంది.

2017 జనవరి 12న ఇక్కడ ‘ఆదిత్య’ నీటిమీదికి వచ్చింది. దేశంలో సౌరశక్తితో నడిచే మొదటి ఫెర్రీ ఇదే. కేరళ రాష్ట్ర జల రవాణా శాఖ కోసం నవాల్ట్ సంస్థ దీన్ని తయారు చేసింది. పొడవు 20 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, 75 మంది ఎక్కవచ్చు. పైకప్పంతా సోలార్ పలకలే, మొత్తం 78. కింద ఒక్కోటీ 20 కిలోవాట్ల మోటార్లు రెండు.

దీని గొప్పతనం తెలియాలంటే ముందు పాత డీజిల్ బోటు ఎక్కాలి. అందులో సరంగు ముందు భాగంలో చుక్కాని చక్రం పట్టుకుని నిలబడతాడు. ఇంజిన్ డ్రైవరు పడవ నడుమ, ఆ వేడిలో, ఆ మోతలో కూర్చుంటాడు. రేవు ఎంత దగ్గరపడిందో అతనికి కనిపించదు. సరంగు తాడు లాగితే ఇంజిన్ దగ్గర గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో విని డ్రైవరు వేగం తగ్గిస్తాడు, ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు. నీళ్లు చూసేది ఒకరు, ఇంజిన్ తిప్పేది మరొకరు. ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి కుదిరిన నమ్మకం మీదే పడవ మెత్తగా రేవుకు ఆనుతుంది. ఆదిత్యలో మోటారు లివరు సరంగు చేతిలోనే ఉంటుంది. మోత లేదు, పొగ లేదు, డీజిల్ వాసన లేదు. పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు.

లెక్క చూస్తే మరింత ఆశ్చర్యం. ఆదిత్య బ్యాటరీల్లో పట్టే కరెంటు సుమారు 50 యూనిట్లు. ఒక లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే నిండిన బ్యాటరీ మొత్తం అయిదు లీటర్ల డీజిల్‌కు సమానం. అంత కొద్ది శక్తితో ఇంతమందిని ఎలా దాటిస్తోంది? డీజిల్ ఇంజిన్ తన శక్తిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటుగా మాత్రమే పనికి మళ్లిస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారు దగ్గర వృథా చాలా తక్కువ. పైగా ఆదిత్యకు నీటిలో ఉండేవి రెండు సన్నని అడుగుభాగాలు, కాబట్టి నీటిని చీల్చుకుపోవడం తేలిక. వేగం కూడా నింపాదే, సరస్సు దాటడానికి పావుగంట. పడవ వేగం రెట్టింపు కావాలంటే సుమారు ఎనిమిది రెట్లు శక్తి కావాలి. కనుక తొందరపడకపోవడమే దీని అసలు పొదుపు. పగలంతా ఎండ బ్యాటరీని నింపుతూనే ఉంటుంది. చాలకపోతే రాత్రి రేవులో కరెంటు పెడతారు.

బ్యాటరీతో పడవ నడపాలన్న ఆలోచన కొత్తగా కనిపిస్తుంది కానీ, నిజానికి డీజిల్ కన్నా పాతది. రష్యాలో నెవా నది మీద మొరిట్స్ యాకోబీ 1838లోనే బ్యాటరీ పడవలో మనుషుల్ని తిప్పాడు. 1881లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే చుక్కానికే మోటారు బిగించి సీన్ నదిలో పడవ నడిపాడు. ఇవాళ మన సముద్ర తీరంలో పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారుకు పూర్వీకురాలు అదే. రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ సరిగ్గా పనిచేసింది 1897లో. మహాసముద్రాలు దాటే తొలి పెద్ద డీజిల్ ఓడ ‘సెలాండియా’ బయల్దేరింది 1912లో. అప్పటి బ్యాటరీలు మోయలేనంత బరువు. నూనె చవక, దూరం వెళ్లొచ్చు. అందుకే డీజిల్ గెలిచింది. లిథియం బ్యాటరీ వచ్చాకే పాత ఆలోచనకు మళ్లీ ఊపిరి వచ్చింది.

2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలోనూ బ్యాటరీతో నడిచే బోట్లే. కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన ఈ బోట్లు వంద మందిని మోస్తాయి, రేవులో పది పదిహేను నిమిషాల్లో ఛార్జి అవుతాయి. అవసరానికి డీజిల్ జనరేటరూ ఉంటుంది. డీజిల్‌తో కరెంటు పుట్టించి ఆ కరెంటుతో పడవ నడపడం 1903లోనే వోల్గా నది మీద తిరిగిన ‘వాండల్’ చేసి చూపింది.

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం దిగితే వైకోంకు బస్సులు దొరుకుతాయి, దూరం దాదాపు 35 కిలోమీటర్లు. ఈ రేవులో డీజిల్ బోట్లు కూడా తిరుగుతాయి. ఆదిత్య ఎప్పుడు వస్తుందో టికెట్ కౌంటర్లో అడిగి, పోయేటప్పుడు ఒకదానిలో, వచ్చేటప్పుడు మరొకదానిలో ఎక్కితే తేడా ఒంటికే తెలుస్తుంది. ఎర్నాకుళంలో హైకోర్టు టెర్మినల్ నుంచి వైపిన్‌కు వాటర్ మెట్రో ఎక్కవచ్చు.

పాపికొండల లాంచీలకో, రోజుల తరబడి నడిసముద్రంలో వేటాడే బోట్లకో ఇవాళ్టికి డీజిలే దిక్కు. కానీ నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరిలో మనుషుల్నీ వాహనాల్నీ దాటించే పంటు తిరిగే దారి చిన్నది, రోజూ అదే రేవు నుంచి అదే రేవుకు. వైకోం నేర్పిన పాఠం సరిగ్గా అలాంటి రేవుల కోసమే. గోదావరి ప్రవాహానికి, వాహనాల బరువుకు తగ్గట్టు పడవను కొత్తగా గీసుకోవాలి. ఎండకు మాత్రం మనకు కొదవ లేదు.