ఆయాసం ఉన్నవారు కదలకూడదా?

చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకొన్న మా పెదనాన్నగారు చివరి మూడేళ్ళూ పడక కుర్చీలోనే గడిపారు. “కదిలితే ఆయాసం వస్తున్నదిరా” అనేవారు. శ్వాసరోగికి వ్యాయామం తగదన్న సుశ్రుతుని మాటనే పట్టుకొని, వైద్యం చదివిన నేనూ సరేనన్నాను. అది నా పొరపాటు. ఆ నిషేధం శరీరాన్ని అలయించే వ్యాయామానికే గాని, లేచి నాలుగడుగులు వేయడానికి కాదని నేనిప్పుడు భావిస్తున్నాను.

కూర్చొన్నకొద్దీ తొడల, పిక్కల కండరాలు క్షీణిస్తాయి. అటువంటి కండరం కొద్దిపాటి పనికే అలసి, ఆమ్లాన్ని పుట్టించి, ఊపిరి వేగాన్ని పెంచుతుంది. ఆయాసానికి జడిసి రోగి మరింతగా కూర్చుంటాడు!

కనుక 30 నిమిషాలకొకసారి లేవండి. మంచినీళ్ళ చెంబును పక్కన పెట్టుకోక వంటింట్లోనే ఉంచండి. నడిచేటప్పుడు ముక్కుతో గాలి పీల్చి, పెదవులను ఈల వేసేటట్లు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి. మాట్లాడగలిగినంత ఆయాసమైతే భయం లేదు. మాట తెగుతుంటే ఆగి, గోడకానుకొని, సేదతీరి మళ్ళీ నడవండి. మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తుంది గాని కాళ్ళకు బలమివ్వదు. వైద్యులిచ్చిన పీల్చే మందును మానవద్దు. ఛాతీనొప్పి, పెదవుల నీలిమ, కొత్తగా కాళ్ళవాపు కనిపిస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.