బెంగళూరు చలికి పెరుగెందుకు తోడుకోదు?

విజయవాడ నుంచో నెల్లూరు నుంచో బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో డిసెంబరు రాగానే వంటింటి లెక్కలు మారిపోతాయి. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లారినా పాలలాగే ఉంటాయి, ఇడ్లీ పిండి పొంగదు, సీసాలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. పాలను పెరుగు చేసేవీ, పిండిని పులియబెట్టేవీ కంటికి కనిపించని సూక్ష్మజీవులే. చల్లదనానికి అవి మందగిస్తాయి. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుంది.

చెన్నై కూడా దాదాపు అదే అక్షాంశం మీద ఉంది కదా, అక్కడ ఇంత చలి ఎందుకు లేదు? ముఖ్య కారణం ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం, వేడి పెరగాలిగా అంటారేమో. మంచి ప్రశ్నే. కానీ సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒక కిలోమీటరు లెక్కలోకే రాదు. పైగా గాలి ఎక్కువగా వేడెక్కేది నేల వల్ల. పైకి లేచినకొద్దీ గాలి మీద ఒత్తిడి తగ్గి, అది వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మరి ఇంతకన్నా తక్కువ ఎత్తులో ఉన్న హైదరాబాద్ కూడా జనవరి రాత్రుల్లో వణుకుతుంది కదా? నిజమే, అది బెంగళూరుకు నాలుగు డిగ్రీల అక్షాంశానికి పైగా ఉత్తరాన ఉంది. ఎత్తుతో పాటు అక్షాంశం, సముద్రం కూడా చూడాలి. చెన్నై రాత్రులను వెచ్చగా ఉంచేది సముద్రమే. ఇక బెంగళూరు చలి విషయానికొస్తే, అక్కడ నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న.