బాడుగ తక్కువైన ఊరే చవకైన ఊరా?

రాయలసీమలోని రాజంపేట మనుషులకు ఊరు విడిచి బతకడం కొత్త కాదు. కువైట్‌లో డ్రైవర్లుగానో, ఇళ్లలో పనివాళ్లుగానో చేసి వచ్చినవాళ్లు రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల్లో దాదాపు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. బెంగళూరుకు, చెన్నైకి వెళ్లినవాళ్లకైతే లెక్కే లేదు. అయితే కువైట్ వలసలో పని ముందు ఖాయమవుతుంది, ప్రయాణం తర్వాత. వీసా చేతికొచ్చాకే విమానం ఎక్కుతారు. పెంపుడు కుక్కలకు, పిల్లులకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించి, గోళ్లు తీసే గ్రూమింగ్ పని నేర్చుకుని సొంతంగా బతుకుదామనుకునే యువతీయువకులకు ఆ వీలు లేదు. వాళ్లు ముందు ఊరిని ఎంచుకోవాలి, తర్వాత ఆ ఊళ్లో పని పుట్టించుకోవాలి. అందుకే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బాడుగ తక్కువగా ఉండి, భయం లేకుండా బతకగలిగే చోటు ఎక్కడుంది? ప్రశ్న న్యాయమైనదే. కొలిచే తీరులోనే పొరపాటు జరుగుతోంది. బాడుగ తక్కువున్న ఊరు చవకైన ఊరు కాదు, ఖాళీగా కూర్చునే గంటలు తక్కువున్న ఊరే చవకైన ఊరు. అలాగే వీధి ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. చేతికి కుక్క కాటు పడిన రోజునా, ఇంటి యజమాని మాట మార్చిన రోజునా ఆదుకునే ఏర్పాటు ఉంటేనే అది భద్రత.

ఈ మాట అర్థం కావాలంటే ముందు ఈ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. నెల రోజులుగా దువ్వని పొమ్మరేనియన్‌ని బల్ల మీద నిలబెట్టారనుకుందాం. పైకి బొచ్చు మెత్తగానే కనిపిస్తుంది. చెవుల వెనక, ముందు కాళ్ల సందుల్లో వేలు పెడితే లోపలి బొచ్చు జడకట్టి చర్మానికి అతుక్కుని ఉంటుంది. తడిపితే ఆ చిక్కు మరింత బిగుస్తుంది కాబట్టి స్నానానికి ముందే ఓపికగా విడదీయాలి. చిక్కు విప్పలేక మొత్తం గీసేస్తే, రెండు పొరల బొచ్చున్న ఇలాంటి జాతులకు అది మళ్లీ సరిగా రాకపోవచ్చు. గోరు తీసేటప్పుడు లోపలున్న రక్తనాళం తెల్ల గోళ్లలో గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోళ్లలో కనిపించదు. చివర నుంచి కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ రావాలి. కాలి వేళ్ల మధ్యా చెవి మడతల్లోనూ గోమార్లున్నాయేమో వెతకాలి. ఇదంతా గంటన్నర, రెండు గంటల పని. అంటే ఒక మనిషి రోజుకు నాలుగైదు జంతువుల కంటే ఎక్కువ చూడలేడు. ఆదాయానికి పైన హద్దు ఉన్నప్పుడు, ఖాళీగా పోయిన ప్రతి పూటా తిరిగి పూడ్చుకోలేని నష్టమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి కేవలం ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు. ఒక ఊళ్లో గది బాడుగ 3,000, రోజుకు ఒక కుక్క వస్తుంది, ఒక్కోదానికి 500 తీసుకుంటారు. నెలకు 25 రోజుల పనికి వచ్చేది 12,500, బాడుగ పోగా మిగిలేది 9,500. ఇంకో ఊళ్లో గది బాడుగ 8,000, రోజుకు మూడు కుక్కలు వస్తాయి, ధర అదే. వచ్చేది 37,500, మిగిలేది 29,500. షాంపూ, కరెంటు, పెట్రోలు ఖర్చులు తీసేసినా రెండో ఊరే చవక. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజంపేట పట్టణంలో ఉన్నది యాభై వేల పైచిలుకు మంది. కడప నగరంలో మూడు లక్షలు దాటారు, తిరుపతి నగర జనాభా మూడు లక్షలకు దగ్గరగా ఉంది. కుక్కను పెంచే ఇళ్లు చిన్న ఊళ్లోనూ ఉంటాయి. కానీ నెలనెలా డబ్బిచ్చి గ్రూమింగ్ చేయించే ఇళ్లు అందులో కొన్నే. పని లేని చోట బాడుగ ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలంటే రాజంపేట పక్కనే ఉన్న నందలూరును చూస్తే చాలు. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది, దాని చుట్టూ రైల్వే కాలనీ కళకళలాడేది. ఆవిరి ఇంజన్లు పోయాయి, ఆ సందడీ పోయింది. ఇళ్లు అక్కడే ఉన్నాయి, వాటిని నింపిన జీతాలు మాత్రం కదిలిపోయాయి. తక్కువ బాడుగ చాలాసార్లు ఊరు మనకిచ్చే రాయితీ కాదు, ఆ ఊళ్లో ఆదాయం తక్కువని చెప్పే గుర్తు.

బాడుగ పక్కనే చూడాల్సినవి నీళ్లు, కరెంటు, ఎండ. రాయలసీమలో ఇల్లు చూసేటప్పుడు కొళాయి తిప్పి చూడటం మనవాళ్లకు నేర్పనక్కర్లేదు. గ్రూమర్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ నీళ్లతో సబ్బు నురగ వస్తుందో లేదో చూడాలి. గట్టి బోరు నీళ్లలో షాంపూ సరిగా నురగదు, బొచ్చులోంచి పూర్తిగా పోదు, మిగిలిపోయిన షాంపూ చర్మానికి దురద తెస్తుంది. రెండు వేల వాట్ల బ్లోయర్ అరగంట తిరిగితే ఒక యూనిట్ కరెంటు కాలుతుంది. అది ఇంటి మీటరు మీద నడుస్తుందా, వ్యాపార మీటరు కావాలా అన్నది బాడుగ మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి. ఇక ఎండ. మే నెలలో కడప, రాజంపేట ప్రాంతాల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలే. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడిని వదిలించుకుంటుంది. పగ్, షీజూ వంటి చప్పిడి ముక్కు జాతులకు అదీ కష్టమే. గాలి ఆడని రేకుల గదిలో వేడి బ్లోయర్ పెడితే వాటి ప్రాణానికే ముప్పు. కాబట్టి రేకుల షెడ్డు చవకగా వచ్చిందంటే ఏడాదిలో మూడు నెలల మధ్యాహ్నాలు వదులుకున్నట్టే.

భద్రత అనగానే దొంగల భయం, రాత్రి ఒంటరి నడక గుర్తుకొస్తాయి. ఈ పనిలో వాటికంటే ముందు వచ్చే ప్రమాదం కాటు. భయపడిన కుక్క ఎంత పెంపుడుదైనా కరుస్తుంది, పిల్లి గీరుతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. ముందే జాగ్రత్తపడితే దాన్ని పూర్తిగా ఆపవచ్చు. అందుకే గ్రూమర్లు పనిలోకి దిగకముందే నివారణ టీకా వేయించుకోవాలి. మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు డోసులు. అలా వేయించుకున్నవాళ్లకు తర్వాత కాటు పడితే రెండు బూస్టర్ డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ అవసరం ఉండదు. ఏ కాటుకైనా మొదటి చికిత్స కొళాయి దగ్గరే మొదలవుతుంది. సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అంటే ఊరు ఎంచుకునేటప్పుడు ఎప్పుడూ టీకా దొరికే ఆసుపత్రి, జంతువుకు ఏమైనా అయితే పరుగెత్తడానికి పశువైద్యశాల ఎంత దూరంలో ఉన్నాయన్నది బాడుగతో సమానమైన ప్రశ్న. పశువైద్యులకు ఉన్నట్టు గ్రూమర్లకు మన దేశంలో తప్పనిసరి రిజిస్ట్రేషన్ వ్యవస్థ లేదు. పనిలో పొరపాటు జరిగితే పక్కన నిలబడి చెప్పేవాళ్లు ఉండరు. దగ్గర్లోని పశువైద్యుడితో మంచి పరిచయమే వాళ్లకు అండ.

రాజంపేట వాసులకు ‘సురక్షితమైన చోటు’ అన్న మాటకు మరో అర్థం కూడా తెలుసు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి వరద పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ల మీద విరుచుకుపడింది. ఇళ్లూ పశువులూ మనుషులూ కొట్టుకుపోయారు. వాగు ఒడ్డున, పల్లపు ప్రాంతంలో బాడుగ ఎందుకు తక్కువో ఆ తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొత్త ఊళ్లో ఇల్లు చూసేటప్పుడు పదేళ్లుగా అక్కడున్నవాళ్లను ఒక మాట అడగాలి: వానాకాలం ఈ వీధిలో నీళ్లు ఎంతదాకా వస్తాయి? ఒంటరిగా ఉండే అమ్మాయిలకైతే ఇంకో కష్టం ఉంది. చాలాచోట్ల ఇల్లు ఇచ్చేముందు కులం అడుగుతారు, మతం అడుగుతారు, పెళ్లయిందా అని అడుగుతారు, కుక్కలు వస్తాయంటే ముఖం తిప్పుకుంటారు. జంతువుల యజమానుల ఇళ్లకు వెళ్లి పనిచేసే రోజుల్లో తెలియని గుమ్మాలు తొక్కాలి. అందుకే ఆడపిల్లలు ఒంటరిగా ఉండటం, పనిచేయడం అప్పటికే అలవాటైన ఊరు వాళ్లకు సగం భద్రత. మిగతా సగం పద్ధతి మీద ఆధారపడుతుంది. కొత్త ఇంటికి మొదటిసారి పగటిపూటే వెళ్లడం, ఎక్కడికి వెళ్తున్నదీ ఒకరికి చెప్పి వెళ్లడం, యజమాని ఎదుటే పని చేయడం, అత్యవసర నంబరు 112, మహిళల హెల్ప్‌లైన్ 181 ఫోన్‌లో ఉంచుకోవడం.

ఈ కొలతలన్నీ కలిపి చూస్తే రాజంపేట నుంచి కదిలే యువ గ్రూమర్‌కు అన్నిటికంటే అనుకూలంగా కనిపించేది తిరుపతి, ఆ తర్వాత కడప. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అక్కడే ఏర్పడింది. బోధనాసుపత్రి ఉన్న ఊరంటే జబ్బు చేసిన జంతువులతో చుట్టుపక్కల నుంచి యజమానులు వచ్చే ఊరు. గ్రూమర్‌కు అండగా నిలిచే వైద్యులూ, పరిచయాలు పెంచే రాకపోకలూ అక్కడే దొరుకుతాయి. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఉండటం వల్ల నెలజీతాల కుటుంబాలు ఎక్కువ. దశాబ్దాలుగా వేలమంది ఆడపిల్లలు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకోవడం ఆ ఊరికి అలవాటే. యాత్రికుల వల్ల రాత్రంతా బస్సులు, రైళ్లు నడుస్తాయి. తిరుమల కొండకు దగ్గరలో బాడుగలు ఎక్కువనిపిస్తే రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపు చూడవచ్చు. రాజంపేట కడప–రేణిగుంట రైలు మార్గంలోనే ఉంది కాబట్టి ఇల్లు మరీ దూరం కాదు. కడప రాజంపేటకు ఇంకా దగ్గర, యాభై కిలోమీటర్ల పైచిలుకే. అక్కడ రిమ్స్ ఆసుపత్రి ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. అదే జిల్లాలోని ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల ఉంది.

అయితే బెంగళూరు ఎందుకు కాదు, కుక్కలూ డబ్బూ ఎక్కువ అక్కడే కదా అని అడగవచ్చు. నిజమే, పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆరు నెలలో, ఏడాదో పెద్ద సెలూన్‌లో జీతానికి చేస్తే ఇరవై రకాల బొచ్చుల మీద చెయ్యి తిరుగుతుంది. కానీ సొంతంగా మొదలుపెట్టడం వేరు. అక్కడ ఏళ్ల తరబడి ఇళ్లకు పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడిగే అలవాటు ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు వద్దంటుంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు అమలు చేస్తేనే చట్టం. యువ గ్రూమర్‌ దగ్గరుండే కాస్త పెట్టుబడీ అడ్వాన్సు కిందే పోతే బ్లోయర్‌కు, బల్లకు, మంచి కత్తెరలకు మిగిలేదేమిటి? పైగా ఆ నగరంలో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లడానికి గంట పడితే, మనం చెప్పుకున్న ఖాళీ గంటలే ట్రాఫిక్ రూపంలో తిరిగొస్తాయి.

రెండో అభ్యంతరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. సొంత ఊళ్లో అమ్మానాన్న ఉన్నారు, బాడుగే లేదు, అంతకంటే భద్రత ఏముంటుంది అని. ఇందులో చాలా నిజం ఉంది, దీన్ని తీసిపారేయకూడదు. మొదటి ఏడాది చేతిలో డబ్బు లేనివాళ్లకు రాజంపేట ఇంటి వసారానే మంచి సెలూన్. కానీ నెలకు పది పదిహేను కుక్కలతో చెయ్యి పదును నిలవదు, పనిముట్ల మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. రెండూ కలపడం మంచి దారి. తిరుపతిలోనో కడపలోనో ఉంటూ, నెలకు రెండు ఆదివారాలు రాజంపేట ఇళ్లకు ముందుగా మాట్లాడి వచ్చి ఒకే రోజు నాలుగైదు జంతువులు చూసుకోవచ్చు. అప్పుడు చిన్న ఊరి కుక్కకూ సంరక్షణ దొరుకుతుంది, గ్రూమర్‌కూ పూట వృథా కాదు.

మూడో అభ్యంతరం గట్టిగా ఎవరూ అనరు, కానీ అన్నిటికంటే లోతుగా గుచ్చుతుంది. కుక్కలకు క్షవరం చేయడం ఒక ఉద్యోగమా అని. మన సమాజం చేతిపనులను కులాలకు కట్టిపడేసి, కొన్నిటికి మర్యాద ఇచ్చి కొన్నిటికి ఇవ్వకుండా చేసిన అన్యాయానికి ఇది కొనసాగింపు. నోరులేని జీవి నొప్పిని చూపుతో కనిపెట్టి, చర్మవ్యాధిని మొదటి దశలోనే గుర్తించి, భయపడిన ప్రాణిని బుజ్జగించి శుభ్రం చేసే పని తక్కువదెలా అవుతుంది? ఈ మాట ఊళ్లో అర్థమయ్యేదాకా ఆగమని పిల్లలకు చెప్పలేం. ఆ పనిని పనిగా చూసే ఊరికి వెళ్లడమూ వాళ్ల హక్కే.

కాబట్టి పెట్టె సర్దుకునే ముందు ఒక నెల పరీక్షించి చూడాలి. అనుకున్న ఊళ్లో నెల రోజులకు హాస్టల్ మంచం తీసుకుని, అద్దె పనిముట్లతో ఇళ్లకు వెళ్లి చేస్తూ రోజూ రెండే లెక్కలు రాసుకోవాలి: ఎన్ని గంటలు పనిచేశాం, ఎన్ని గంటలు ఖాళీగా ఉన్నాం. ఆ పుస్తకంలో పని గంటలు పెరుగుతుంటేనే గది తీసుకోవాలి, 11 నెలల ఒప్పందం కాగితం మీద రాయించుకోవాలి. బల్ల, బ్లోయర్ కొనడానికి 2015లో మొదలైన ముద్ర పథకంలోని శిశు రుణం ఉంది, 50,000 దాకా ఇస్తారు. పిల్లలను పంపే తల్లిదండ్రులు సాధారణంగా ‘బాడుగ ఎంత?’ అని అడుగుతారు. ఇకపై ఇంకో రెండు మాటలు అడగండి: రోజుకు ఎన్ని పనులు దొరుకుతున్నాయి, కాటు పడితే ఏ ఆసుపత్రికి పోతావు? వాటికి సరైన జవాబు చెప్పగలిగిన చోటే ఆ పిల్లలకు చవకైన ఊరు, సురక్షితమైన ఊరు.