జట్లు ఎందుకు తడబడతాయి? నాయకుని పాత్ర

కార్యాలయంలో పని ఆగిపోతే మనం ముందుగా మనుషుల్ని తప్పుపడతాం. ఫలానావారు సహకరించరు, ఫలానావారికి అహం ఎక్కువ అంటాం. అయితే అదే వ్యక్తి వేరే విభాగానికి బదిలీ అయ్యాక చక్కగా పనిచేయడం మీరూ చూసి ఉంటారు. కాబట్టి స్వభావాల జోలికి వెళ్లేముందు, జట్టు ఏ పరిస్థితుల్లో పనిచేస్తున్నదో పరిశీలించాలి.

ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు రింగెల్‌మాన్ తాడు లాగే ప్రయోగాల ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. దీనికి రెండు కారణాలు చెప్పవచ్చు. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం సమన్వయ లోపం. మిగతావారు లాగుతున్నారులే అనుకోవడం రెండోది. దీన్ని సామాజిక సోమరితనం అంటారు. ఎవరి వాటా ఎంతో స్పష్టంగా కనిపించేలా పని పంచితే ఈ సోమరితనం చాలావరకు తగ్గుతుంది.

మూడో కారణం ఇంత తేలిగ్గా కంటికి కనిపించదు. అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి వార్డులలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను అధ్యయనం చేసి, ఫలితాలను 1996లో ప్రచురించింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించింది. లెక్కలు చూస్తే అందుకు విరుద్ధంగా వచ్చాయి. నాయకత్వం, పరస్పర సంబంధాలు బాగున్న వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి! మంచి జట్లు ఎక్కువ తప్పులు చేస్తాయా? కాదు. అక్కడి నర్సులు తప్పు జరిగితే దాచకుండా చెప్పేవారు. చెబితే శిక్ష పడుతుందనే భయం ఉన్న వార్డులలో తప్పులు జరిగినా రికార్డులోకి ఎక్కేవి కావు. తప్పుల సంఖ్య చూసి జట్టును అంచనా వేసే అధికారులు ఈ విషయం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

సందేహం అడిగినా, తప్పు ఒప్పుకున్నా అవమానం ఎదురుకాదనే నమ్మకాన్ని ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన మరో అధ్యయనంలో మానసిక భద్రతగా వివరించింది. దీన్ని ఉదాసీనతగా పొరబడకూడదు. పని ప్రమాణాలు కఠినంగానే ఉండవచ్చు. తెలిసిన విషయం పైకి చెప్పడానికి మాత్రం భయం ఉండకూడదు.

మన దగ్గరి ఉదాహరణ శ్రీహరికోటలో దొరుకుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమై వాహనం బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆయన తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పిన ప్రకారం, ఆనాటి పత్రికా సమావేశంలో ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ వైఫల్య బాధ్యత తనపై వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు విలేకరుల ముందుకు కలాంను పంపారు. దీన్ని ఉదారత అని మెచ్చుకుని వదిలేయడం మన అలవాటు. నిర్వహణ దృష్టితో చూస్తే ఇందులో ఇంకో సంగతి ఉంది. బయటి నిందను నాయకుడు తనమీదికి తీసుకుంటే, ఇంజనీర్లు ఒకరినొకరు వేలెత్తి చూపుకునే అవసరం తగ్గుతుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి సమయం మిగులుతుంది.

సాధారణ కార్యాలయంలో నాయకునికి ఇంత పెద్ద సందర్భం రాకపోవచ్చు. అక్కడ చెడువార్త తెచ్చిన మొదటి ఉద్యోగితో అధికారి అన్న మొదటి మాటే అందరికీ గుర్తుండిపోతుంది. "ఎవరు చేశారు?" అంటే మరుసటి రోజు నుంచి వార్తలు ఆగిపోతాయి. "ఏం జరిగింది, ఇప్పుడేం చేద్దాం?" అంటే వస్తూ ఉంటాయి. సమావేశంలో అధికారి తన అభిప్రాయం చివర చెప్పడం కూడా ఇలాంటిదే. ముందే చెప్పేస్తే మిగిలినవారు తలలూపడం తప్ప చేసేదేమీ ఉండదు.

అభ్యాసం: మీరు పనిచేసే చోట గానీ, మీకు తెలిసిన స్వయం సహాయక సంఘంలో గానీ ఇటీవల జరిగిన ఒక పొరపాటును తీసుకోండి. అది మొదట ఎవరికి తెలిసింది? నాయకుని దాకా చేరడానికి ఎన్ని రోజులు పట్టింది? ఆ ఆలస్యానికి కారణం సమన్వయ లోపమా, సామాజిక సోమరితనమా, భయమా? పది వాక్యాల్లో రాయండి.