డైవింగ్ తర్వాత చెవిలో నీళ్ళు: అవి ఏ వైపు ఉన్నాయి?

స్కూబా డైవింగ్‌కి వెళ్ళొచ్చానని చెప్పగానే నన్ను అందరూ అడిగేది ఒకటే. "చెవుల్లోకి నీళ్ళు పోవా? ఏం పెట్టుకుంటారు?" అని. సమాధానం ముందే చెప్పేస్తా. పోతాయి. ఏమీ పెట్టుకోం, పెట్టుకోకూడదు కూడా. ఎందుకో చెప్తాను, దాంతోపాటు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తాను.

అండమాన్‌లో హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్. నా రెండో డైవ్. ముందు రోజు నుంచే కొంచెం జలుబు. డబ్బులు కట్టేశాం కదా, జలుబుకే ఆగిపోతామా అనుకుని ఫారంలో "లేదు" అని టిక్ పెట్టేశా. నాలుగైదు మీటర్లు దిగేసరికి కుడి చెవిలో నొప్పి. ఇన్‌స్ట్రక్టర్ "ఓకేనా?" అని సైగ చేశాడు. నేనూ "ఓకే" అన్నాను. అదీ అబద్ధమే. పైకి వచ్చాక నొప్పి తగ్గింది గానీ, చెవి మూసుకుపోయినట్టు, బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది. నీళ్ళు పోయాయిలే అనుకున్నా.

రూమ్‌కి వచ్చి ఒంటికాలి మీద గెంతాను. రాలేదు. ఇయర్ బడ్ పెట్టి తిప్పాను. రాలేదు. అమ్మకి ఫోన్ చేస్తే "వెల్లుల్లి వేసి నూనె కాచి రెండు చుక్కలు వెయ్యరా" అంది. అదృష్టం, హోటల్ రూమ్‌లో పొయ్యి లేదు. మూడో రోజుకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన లైట్ వేసి చూసి, "బయట చుక్క నీళ్ళు లేవు బాబూ. ఉన్నది కర్ణభేరి వెనకాల. అది సముద్రం నీరు కాదు, నీ ఒంట్లోంచి ఊరిందే" అన్నారు.

ఇదెలా జరుగుతుందో చూద్దాం. చెవి రంధ్రం ఒక సందు లాంటిది, పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ చివర గోడలాగా కర్ణభేరి ఉంటుంది. గోడకి ఇవతల ఎన్ని నీళ్ళు నిండినా ఫర్వాలేదు. అవతల మధ్య చెవి, అందులో గాలి ఉంటుంది. ఆ గది నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది, దాని పేరు యూస్టేషియన్ ట్యూబ్. అరకు ఘాట్ రోడ్డు మీద చెవులు దిబ్బెళ్ళు పడితే గుటక వేస్తాం కదా, అప్పుడు తెరుచుకునేది ఇదే.

నీళ్ళలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపు అవుతుంది. అంటే లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ లోటు మనం ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది పూడ్చాలి. దీన్నే ఈక్వలైజ్ చెయ్యడం అంటారు. జలుబు వల్ల ఆ గొట్టం వాచి మూసుకుపోతే గాలి వెళ్ళదు. అప్పుడు కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, చుట్టూ ఉన్న పొర నుంచి ద్రవం, ఒక్కోసారి రక్తం ఊరి ఆ ఖాళీని నింపుతుంది. నాకు జరిగింది ఇదే. దీన్ని బారోట్రామా అంటారు.

ఇయర్ ప్లగ్స్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ప్లగ్‌కీ కర్ణభేరికీ మధ్య గాలి ఇరుక్కుపోతుంది. ఆ గాలిని ఈక్వలైజ్ చేసే దారే లేదు.

కోడింగ్ చేసే రోజుల్లో మా టీమ్ లీడ్ ఒక మాట అనేవాడు, బగ్ ఎక్కడుందో తెలియకుండా ఫిక్స్ పెట్టకు అని. ఇక్కడా అంతే. ముందు నీళ్ళు ఏ వైపో చూడండి.

తల పక్కకి వంచి, చెవిని మెల్లగా లాగితే గుడగుడమని కదిలి, గోరువెచ్చగా బయటికి వస్తే అవి బయటి నీళ్ళు. మంచినీళ్ళతో చెవి కడిగి, టవల్‌తో తుడిచి, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద దూరం నుంచి పెట్టండి. బడ్స్ వద్దు, అవి గులిమిని ఇంకా లోపలికి తోస్తాయి. తడి అలాగే ఉండిపోయి ఒకట్రెండు రోజులకి దురద, చెవి లాగితే నొప్పి వస్తే అది బయటి చెవి ఇన్‌ఫెక్షన్. దానికి డాక్టర్ మందు రాస్తారు.

దిగేటప్పుడు నొప్పి వచ్చి, పైకొచ్చాక చెవి మూసుకుపోయి, ఎంత వంచినా ఏమీ రాకపోతే అది లోపలిది. చుక్కల మందులు, నూనెలు ఏవీ వెయ్యకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అవి నేరుగా లోపలికి పోతాయి. చెవి చూపించుకునేదాకా మళ్ళీ డైవ్ వద్దు, ఫ్లైట్ ఎక్కే ముందు కూడా డాక్టర్‌ని అడగండి. కళ్ళు తిరగడం, చెవిలో హోరు, వినికిడి ఒక్కసారిగా పడిపోవడం, రక్తం కారడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. లోపలి చెవి దెబ్బతింటే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

ఇక అసలు ఇది రాకుండా ఏం చెయ్యాలి? నొప్పి వచ్చాక కాదు, నీటి మట్టం దగ్గరే ఈక్వలైజ్ మొదలుపెట్టండి, దిగినంతసేపూ చేస్తూనే ఉండండి. కాళ్ళు కిందికి పెట్టి దిగితే సులువు. అవ్వకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి. బలంగా మాత్రం ఊదొద్దు. అప్పటికీ అవ్వకపోతే డైవ్ ఆపెయ్యండి. జలుబు ఉంటే అసలు దిగొద్దు. మాత్ర వేసుకుని దిగుదామా అంటే, దాని పవర్ నీళ్ళలో ఉండగానే దిగిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది.

నా చెవి పూర్తిగా తెరుచుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నా వీడియోలు నేనే ఎడమ చెవితో ఎడిట్ చేసుకున్నా. ఫారంలో నిజం చెప్పి ఉంటే పోయేది ఒక్క డైవ్ డబ్బులే. "ఓకేనా?" అని ఎవరైనా సైగ చేసినప్పుడు ఓకే కాకపోతే, కాదు అని చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.